మీకు తెలుసా? వెలుగును చదివిన శాంతమ్మగారు

ఫిజిక్స్‌లో గొప్పవాళ్ల పేర్లు చెప్పమంటే మన పిల్లలు న్యూటన్, ఐన్‌స్టీన్, రామన్ అంటారు. ఆడవాళ్లలో ఎవరని అడిగితే మేరీ క్యూరీ దగ్గర ఆగిపోతారు. చోడవరం పిల్లలు డిగ్రీ అయ్యాక పైచదువుకు చూసేది విశాఖపట్నం వైపే. ఆ విశాఖలోనే చదువుకుని, అక్కడే పరిశోధన చేసి, అక్కడే ప్రొఫెసరై, తొంభై ఏళ్లు దాటాక కూడా చాక్‌పీసు చేత్తో పట్టుకుని క్లాసుకు వెళ్లిన తెలుగు మహిళ ఒకరున్నారు. ఆమె ఆచార్య చిలుకూరి శాంతమ్మ. ఆమె జీవితం గురించి, ఆమె చదివిన శాస్త్రం గురించి, ఆ శాస్త్రానికి మన నేలతో ఉన్న బంధుత్వం గురించి ఈ వారం కొన్ని సంగతులు.

మార్చి 8న పుట్టారు

శాంతమ్మగారు 1929 మార్చి 8న మచిలీపట్నంలో (బందరులో) పుట్టారు. మార్చి 8ని మహిళా దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి జరపడం మొదలుపెట్టింది 1975లో. అప్పటికే ఆమె ఫిజిక్స్ పాఠాలు చెప్పబట్టి పందొమ్మిదేళ్లు కావస్తోంది. అయిదు నెలల పసికందుగా ఉన్నప్పుడే తండ్రి పోయారు. మేనమామ పెంచారు. ఆ కాలంలో తండ్రి లేని ఆడపిల్లను ఎంత త్వరగా అత్తారింటికి పంపితే అంత బరువు దిగిందనుకునేవారు. ఈ పిల్లను కాలేజీకి పంపారు. తల్లి వనజాక్షమ్మగారు 104 ఏళ్లు బతికారు.

బందరులో ఒక పసుపు గీత

ఆమె పుట్టడానికి అరవై ఏళ్ల ముందు, 1868 ఆగస్టు 18న మన తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపులోంచి చూశారు. అందులో ప్రకాశవంతమైన ఒక పసుపు గీత కనిపించింది. భూమి మీద తెలిసిన ఏ మూలకమూ ఆ చోట గీత గీయదని తర్వాత తేలింది. అదే హీలియం. భూమి మీద హీలియంను విలియం రామ్సే పట్టుకున్నది 1895లో. ఒక మూలకం మొదట ఆకాశంలో దొరికి ఆ తర్వాత నేల మీద దొరకడం అదే తొలిసారి. ఆ గీతను చూసిన ఊళ్లలో ఒకటైన బందరులో పుట్టిన అమ్మాయి పెరిగి పెద్దదై స్పెక్ట్రోస్కోపీనే తన శాస్త్రంగా ఎంచుకుంది.

ఎసరు పొంగితే మంట ఎందుకు పసుపవుతుంది?

ఉప్పేసిన ఎసరు పొంగి గ్యాసు పొయ్యి మీద పడితే నీలి మంట ఒక్కసారిగా పసుపుగా మారుతుంది. ప్రతి వంటింట్లో చూసే దృశ్యమే. ఉప్పులో ఉన్న సోడియం వేడెక్కి 589 నానోమీటర్ల దగ్గర వెలుగు విడుదల చేయడమే దానికి కారణం. నిజానికి అవి పక్కపక్కనే ఉన్న రెండు గీతలు. హీలియం పసుపు గీత ఉండేది 587.6 నానోమీటర్ల దగ్గర. ఈ రెండింటికీ తేడా రెండు నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంత సన్నని తేడాను పట్టుకోగలిగారు కాబట్టే ఇది సోడియం కాదు, వేరే ఏదో అని చెప్పగలిగారు. స్పెక్ట్రోస్కోపీ అంటే ఇదే: వెలుగును విడదీసి, అందులోని గీతల స్థానాలు కొలిచి, అది ఏ పదార్థం నుంచి వచ్చిందో చెప్పడం.

చోడవరం చెరకుకూ అదే వెలుగు

చోడవరం చుట్టుపక్కల పుట్టినవాళ్లకు చెరకు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఈ మండలంలోనిదే. చక్కెర మిల్లు ల్యాబులో రోజూ వినపడే మాటలు బ్రిక్స్, పోల్, రికవరీ. వీటిలో బ్రిక్స్, పోల్ రెండూ వెలుగుతో కొలిచేవే. రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క రసం వేసి, వెలుగు ఎంత వంగిందో చూస్తే రసంలో కరిగిన పదార్థం మొత్తం ఎంతో తెలుస్తుంది. అది బ్రిక్స్. అందులో అసలు చక్కెర ఎంతో చెప్పేది పోల్, దానికి పోలారిమీటరు కావాలి. సుక్రోజు ద్రావణం ధ్రువిత కాంతి తలాన్ని కుడివైపు తిప్పుతుంది. చక్కెర ఎంత ఎక్కువుంటే తిప్పే కోణం అంత పెద్దది. ఆ కోణాన్ని కొలిచేందుకు పాతకాలం నుంచీ వాడుతున్న దీపం సోడియం దీపం, అంటే ఎసరు పొంగినప్పుడు మంటలో కనపడే పసుపు వెలుగే.

కొట్టిన చెరకును త్వరగా ఆడించకపోతే తీపి పడిపోతుందని రైతుకు తెలుసు. నిలవున్న కొద్దీ సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. ఈ మిశ్రమం కాంతిని కుడికి బదులు ఎడమకు తిప్పుతుంది. అందుకే దానికి ఇన్వర్ట్ షుగర్ అనే పేరు. బండి యార్డులో ఎన్నాళ్లు ఆగిందో పోలారిమీటరు ముల్లు చెప్పకనే చెబుతుంది.

ఒకే కాలేజీ, ఇద్దరు విద్యార్థులు

విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో సర్ సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ పాఠాలు చెప్పేవారు. రామన్ బాల్యం విశాఖలో గడిచింది. ఆ కాలేజీలోనే చదివి, అక్కణ్ణించి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత అదే ఎ.వి.ఎన్. కాలేజీలో శాంతమ్మగారు ఇంటర్మీడియట్ చదివారు. 1945లో ఫిజిక్స్‌లో బంగారు పతకం గెలుచుకున్నారు. రామన్ తన పేరుతో పిలిచే ఫలితాన్ని కనిపెట్టింది 1928 ఫిబ్రవరి 28న. శాంతమ్మగారు పుట్టింది ఆ తర్వాత ఏడాదికి. రామన్‌కు నోబెల్ వచ్చిన 1930 నాటికి ఆమె ఇంకా నడక నేర్చుకునే వయసులో ఉన్నారు. అణువులు వెలుగుతో ఎలా ప్రవర్తిస్తాయన్న రామన్ ప్రశ్న ఆమె తరానికి పెద్ద బాట వేసింది.

పతకం ఇచ్చిన మహారాజు

ఆ బంగారు పతకం జయపురం మహారాజా విక్రమదేవ వర్మ చేతుల మీదుగా అందింది. ఆయన తెలుగులో, ఒడియాలో కవిత్వం రాసిన పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చిన దాత. ఆ రోజుల్లో లక్ష రూపాయలంటే మామూలు మాట కాదు. విశ్వవిద్యాలయంలో సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. శాంతమ్మగారు తర్వాత చదివిందీ, పనిచేసిందీ ఆ సైన్సు భవనాల్లోనే. ఒక సాహితీవేత్త ఇచ్చిన డబ్బుతో సైన్సు ల్యాబులు లేచిన సంగతి మన దాతలందరూ గుర్తుంచుకోదగ్గది.

బాంబులు పడిన ఊళ్లో చదువు

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు క్యాంపస్ సైన్యం అవసరాలకు వెళ్లిపోయింది. విశ్వవిద్యాలయం కొన్నేళ్లపాటు గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చింది. శాంతమ్మగారు ఇంటర్మీడియట్ చదివింది ఆ యుద్ధం చివరి రోజుల్లో. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ బి.ఎస్సి. ఆనర్స్ చేశారు. ఆ శాఖకు పేరు తెచ్చినవాళ్లలో సూరి భగవంతం ఒకరు, స్పెక్ట్రోస్కోపీలో దిట్ట అయిన కోచెర్లకోట రంగధామరావు మరొకరు. వర్ణపటాల పరిశోధనకు వాల్తేరు అప్పటికే దేశంలో పేరున్న చోటు.

మైక్రోవేవ్ అంటే ఓవెన్ ఒక్కటేనా?

శాంతమ్మగారు డి.ఎస్సి. పట్టా పొందింది మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీలో. మైక్రోవేవ్ అనగానే ఇప్పటి పిల్లలకు ఓవెన్ గుర్తొస్తుంది. శాస్త్రవేత్తకు అది అణువు కొలతలు తీసే సాధనం. వాయువులో అణువులు ఊరకే ఉండవు, గిరగిరా తిరుగుతుంటాయి. ఎంత వేగంగానైనా తిరిగే స్వేచ్ఛ వాటికి లేదు. క్వాంటం నియమం ప్రకారం కొన్ని నిర్దిష్టమైన వేగాలే చెల్లుతాయి. ఒక వేగం నుంచి పై వేగానికి వెళ్లాలంటే సరిగ్గా అంత శక్తి ఉన్న తరంగాన్నే పీల్చుకోవాలి. చాలా అణువుల విషయంలో ఆ తరంగాలు మైక్రోవేవ్ పరిధిలో పడతాయి. ఏ పౌనఃపున్యం దగ్గర తరంగం తగ్గిందో కొలిస్తే అణువు జడత్వ భ్రామకం తెలుస్తుంది. దాని నుంచి పరమాణువుకూ పరమాణువుకూ మధ్య దూరాన్ని లెక్కగట్టవచ్చు.

ఒక షరతు ఉంది. అణువులో ఒక చివర ధనావేశం వైపు, ఇంకో చివర రుణావేశం వైపు మొగ్గు ఉండాలి. నీటికి, అమోనియాకు ఆ మొగ్గు ఉంది. గాలిలో ఎక్కువ భాగమైన నైట్రోజన్‌కు లేదు. అందుకే నైట్రోజన్ తిరుగుతున్నా ఈ పద్ధతికి చిక్కదు.

అమోనియా ఆట

ఈ శాస్త్రంలో తొలి అడుగు 1934లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పడింది. క్లీటన్, విలియమ్స్ అనే ఇద్దరు అమోనియా వాయువును ఎంచుకున్నారు. అమోనియాలో మూడు హైడ్రోజన్ల పైన ఒక నైట్రోజన్ కూర్చుంటుంది. ఈదురుగాలికి గొడుగు తిరగబడినట్టు ఆ అణువు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగబడుతూ ఉంటుంది. దానికి సరిపోయే తరంగం పౌనఃపున్యం సెకనుకు సుమారు 2400 కోట్లు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రాడార్ల కోసం మైక్రోవేవ్ గొట్టాలు విరివిగా తయారయ్యాయి. యుద్ధం అయ్యాక అవి విశ్వవిద్యాలయాల ల్యాబుల్లోకి చేరాయి. శత్రు విమానాలను వెతకడానికి పుట్టిన పరికరాలతో అణువుల ఆకారాలు వెతకడం మొదలైంది. 1954లో చార్లెస్ టౌన్స్ అమోనియాతోనే మేసర్ అనే పరికరాన్ని తయారుచేశాడు. లేజర్‌కు అది అక్క. శాంతమ్మగారు పరిశోధన చేసిన కాలంలో ఈ శాస్త్రం ప్రపంచమంతటా లేత వయసులోనే ఉంది. వాల్తేరులో ఉన్న ఒక యువతి ఆ కొత్త దారినే పట్టుకుంది.

ఓవెన్ గురించి ఒక అపోహ

మైక్రోవేవ్ ఓవెన్ నీటి అణువు సహజ పౌనఃపున్యానికి సరిగ్గా శ్రుతి కలిపి పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఓవెన్ పౌనఃపున్యం సెకనుకు 245 కోట్లు. నీటి ఆవిరి పీల్చుకునే గీత దానికి ఎంతో పైన, సుమారు 2200 కోట్ల దగ్గర ఉంటుంది. ఓవెన్‌లో తరంగం దిశ మార్చినప్పుడల్లా నీటి అణువులు దానితో పాటు తిరగాలని చూసి పక్కవాటిని నెడతాయి. ఆ రాపిడే వేడి. సరిగ్గా శ్రుతి కలిసి ఉంటే తరంగాలన్నీ పైపొరలోనే అయిపోయి, లోపలి అన్నం చల్లగానే ఉండిపోయేది.

ఆకాశంలో తీపి

మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీ ల్యాబుతో ఆగలేదు. 1968లో టౌన్స్ బృందం నక్షత్రాల మధ్య ఖాళీలో అమోనియాను గుర్తించింది. మరుసటేడు నీరు, ఫార్మాల్డిహైడ్ దొరికాయి. 2000లో మన పాలపుంత నడిబొడ్డు దగ్గరున్న సాజిటేరియస్ బి2 అనే మేఘంలో గ్లైకాలాల్డిహైడ్ కనిపించింది. చక్కెరల కుటుంబంలో అన్నిటికంటే చిన్నది అదే. నక్షత్రాల మధ్య ఇప్పటికి మూడు వందలకు పైగా అణువులు దొరికాయి. ఇన్ని అణువులను అక్కడికి వెళ్లకుండానే ఎలా గుర్తుపట్టారు? భూమి మీద ల్యాబుల్లో ఒక్కో అణువు గీతలను ఓపిగ్గా కొలిచి పట్టికలు తయారుచేసినవాళ్లు ఉన్నారు కాబట్టి. ఆ పట్టికతో పోల్చి చూసి ఇది ఫలానా అణువు అంటారు. ల్యాబులో కూర్చుని గీతలు కొలిచే పనికి అంత దూరం చేరే శక్తి ఉంది.

పట్టా దక్కిన శాంతమ్మ, పట్టా దక్కని అన్నా మణి

ఆ కాలంలో పరిశోధన చేసిన ఆడవాళ్లందరికీ న్యాయం జరగలేదు. కేరళలో 1918లో పుట్టిన అన్నా మణి బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల, కెంపుల వర్ణపటాల మీద పనిచేశారు. ఫోటో ప్లేటు మీద వెలుగు పడేందుకు గంటల తరబడి కాచుకుని, రాత్రుళ్లు ల్యాబులోనే ఉండిపోయి అయిదు పరిశోధన పత్రాలు రాశారు. 1945లో థీసిస్ సమర్పించారు. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో ఆమెకు పి.హెచ్.డి. ఇవ్వలేదు. ఆమె కుంగిపోలేదు. వాతావరణ శాఖలో చేరి, గాలినీ ఎండనూ కొలిచే పరికరాలు దేశంలోనే తయారయ్యేలా చేశారు. అన్నా మణి థీసిస్ ఇచ్చిన అదే 1945లో శాంతమ్మగారు ఇంటర్మీడియట్‌లో బంగారు పతకం అందుకున్నారు. ఒక తరం తలుపు తట్టి గడప బయటే నిలబడింది. తర్వాతి తరం లోపలికి వచ్చింది. ముందు తట్టినవాళ్ల చేతుల చప్పుడు లేకుంటే తలుపు తెరుచుకునేదే కాదు.

విభా చౌధురి పేరున ఒక నక్షత్రం

కలకత్తా విశ్వవిద్యాలయంలో 1936లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తిచేసిన తరగతిలో ఒకే ఒక్క అమ్మాయి విభా చౌధురి. డి.ఎం. బోస్‌తో కలిసి కొండల మీద ఫోటో ప్లేట్లు ఉంచి విశ్వకిరణాలను పట్టారు. మీసాన్ అనే కణాల జాడ ఆ ప్లేట్లలో కనిపించింది. యుద్ధం వల్ల మెరుగైన ప్లేట్లు దొరకక పని ముందుకు సాగలేదు. మెరుగైన ప్లేట్లతో ఆ పద్ధతినే ముందుకు తీసుకెళ్లిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. విభా చౌధురి 1991లో చనిపోయారు. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు. బతికుండగా రావలసిన గుర్తింపు మనిషి పోయాక రావడం మన దేశపు శాస్త్రవేత్తల కథల్లో ఎన్నోసార్లు జరిగింది. అందుకే శాంతమ్మగారి లాంటివాళ్ల గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి, ఇప్పుడే పిల్లలకు చెప్పాలి.

నూట ఇరవై ఏళ్లలో అయిదుగురే

ఫిజిక్స్ నోబెల్ 1901లో మొదలైంది. 2024 దాకా దాన్ని అందుకున్న మహిళలు అయిదుగురు: మేరీ క్యూరీ 1903లో, మారియా గెప్పర్ట్ మేయర్ 1963లో, డోనా స్ట్రిక్‌లాండ్ 2018లో, ఆండ్రియా గెజ్ 2020లో, ఆన్ లుయిలియే 2023లో. మొదటి ఇద్దరి మధ్య అరవై ఏళ్లు, రెండో మహిళకూ మూడో మహిళకూ మధ్య యాభై అయిదేళ్లు గడిచాయి. చివరి ముగ్గురూ వచ్చింది అయిదారేళ్లలో. ఆడపిల్లకు తెలివి కొత్తగా పుట్టుకురాలేదు. ల్యాబుల్లో చోటు ఇన్నాళ్లకు దొరికింది.

ముప్ఫై మూడేళ్ల ఉద్యోగం

శాంతమ్మగారు 1956లో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా చేరారు. రీడరు, ప్రొఫెసరు అయ్యారు. సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి., కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చిన పరిశోధన పనులు నడిపారు. అమెరికా, బ్రిటన్, కెనడా, దక్షిణ కొరియా సదస్సుల్లో పాల్గొన్నారు. ఆమె మార్గదర్శకత్వంలో పన్నెండు మంది పి.హెచ్.డి. పూర్తిచేశారు. పన్నెండంటే వినడానికి చిన్న అంకె. పరిశోధక విద్యార్థిని చేయి పట్టుకుని నడిపించి, తప్పు లెక్కను మళ్లీ చేయించి, థీసిస్ చివరి పేజీ దాకా తీసుకురావడానికి ఒక్కొక్కరికి ఏళ్లు పడుతుంది. ఆ పన్నెండుమంది దగ్గర చదువుకున్నవాళ్లనూ లెక్కేస్తే ఆమె పాఠం ఎంత దూరం వెళ్లిందో అర్థమవుతుంది.

పదవీ విరమణ తర్వాతే అసలు కథ

1989లో అరవయ్యో ఏట ఆమె పదవీ విరమణ చేశారు. చాలామందికి అది విశ్రాంతి మొదలయ్యే రోజు. ఆమె మళ్లీ ఆంధ్ర విశ్వవిద్యాలయానికే గౌరవ ఆచార్యురాలిగా వెళ్లి ఆరేళ్లు పాఠాలు చెప్పారు. తర్వాత విజయనగరం దగ్గరున్న సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో చేరారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ రోజు పాఠానికి నోట్సు తయారుచేసుకునేవారు. విశాఖలో బయలుదేరి అరవై కిలోమీటర్లు ప్రయాణించి క్లాసుకు చేరేవారు. మోకాళ్ల మార్పిడి ఆపరేషన్లు అయ్యాయి. చేతికర్రల ఊతంతో నడిచేవారు. క్లాసు మాత్రం ఆగలేదు. తొంభై అయిదో ఏట కూడా ఆమె ఫిజిక్స్ టీచరే. ప్రపంచంలో అతి పెద్ద వయసులో పాఠం చెబుతున్న ప్రొఫెసర్లలో ఒకరిగా పత్రికలు ఆమె గురించి రాశాయి. 2016లో సీనియర్ శాస్త్రవేత్తగా పురస్కారం అందుకున్నారు.

ఏడు దశాబ్దాల పాఠం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఆమె ఉద్యోగంలో చేరిన నాటికి ఆకాశంలో మనిషి పంపిన ఉపగ్రహం ఒక్కటీ లేదు. స్పుత్నిక్ పైకి వెళ్లింది 1957లో. చేత్తో గుణించి, స్లైడ్ రూలుతో లెక్కలు చూసుకున్న తరానికి ఆమె పాఠం చెప్పారు. జేబులో కంప్యూటరంత ఫోన్ పెట్టుకున్న తరానికీ ఆమే చెప్పారు. ఈ మధ్యలో సిలబస్ ఎన్నిసార్లు మారిందో. మారిన ప్రతిసారీ చదువుకుని మరీ క్లాసులోకి అడుగుపెట్టాలి.

ఫిజిక్స్, భగవద్గీత

శాంతమ్మగారి భర్త చిలుకూరి సుబ్రహ్మణ్యశాస్త్రి తెలుగు ఆచార్యులు. ఆయన ద్వారా ఆమెకు ఉపనిషత్తులతో పరిచయమైంది. ఆ ఆసక్తి పెరిగి భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చి పుస్తకంగా వెలువరించారు. ఫిజిక్స్‌కూ వేదాంతానికీ పొత్తు కుదరదనుకునేవాళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయం మరో ఉదాహరణ కూడా చూపిస్తుంది. భీమవరం దగ్గర పుట్టి సన్యాసం తీసుకున్న స్వామి జ్ఞానానంద ఐరోపా వెళ్లి ఫిజిక్స్ చదివి వచ్చి, ఇక్కడి న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబులను నిలబెట్టారు. కాషాయం కట్టిన గురువు, భగవద్గీతను అనువదించిన గురువు ఒకే క్యాంపస్‌లో ఫిజిక్స్ చెప్పారు.

ఇల్లు కూడా ఇచ్చేశారు

శాంతమ్మగారు తన సొంత ఇంటిని వైద్యసేవ చేసే వివేకానంద మెడికల్ ట్రస్టుకు దానమిచ్చారు. తను ఒక చిన్న ఇంట్లోకి మారారు. చదువు పంచడమే జీవితంగా ఉన్నవాళ్లకు ఆస్తి పంచడం కష్టమనిపించదు కాబోలు.

వార్తల్లోకెక్కిన ఇంటిపేరు

2024లో అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి గురించి ప్రపంచమంతా వెతికినప్పుడు విలేకరులు విశాఖలో శాంతమ్మగారి గుమ్మం దాకా వచ్చారు. ఉష తాతగారు రామశాస్త్రి, శాంతమ్మగారి భర్త సుబ్రహ్మణ్యశాస్త్రి అన్నదమ్ములు. ఆ రామశాస్త్రిగారు కూడా మద్రాసు ఐ.ఐ.టి.లో ఫిజిక్స్ చెప్పినవారే. బంధుత్వం వల్ల ఆమె పేరు పదిమందికి తెలిస్తే మంచిదే. ఆమె చేసిన పని వల్ల తెలిస్తే ఇంకా మంచిది.

ఇంట్లోనే వర్ణపటం: చేసి చూడండి

స్పెక్ట్రోస్కోపీ చూడటానికి విశాఖ దాకా వెళ్లక్కర్లేదు. మూలన పడేసిన పాత సీడీ ఒకటి తీసుకోండి. దాని మీద ఉన్న సన్నని గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. అంటే మిల్లీమీటరులో ఆరు వందలకు పైగా గాడులు. వెలుగును రంగులుగా విడగొట్టడానికి అది చాలు. రాత్రి గదిలో మామూలు ఫిలమెంటు బల్బు వెలిగించి సీడీని ఏటవాలుగా పట్టుకుంటే ఎరుపు నుంచి ఊదా దాకా ఎక్కడా తెగకుండా రంగుల పట్టీ కనిపిస్తుంది. పాతరకం ట్యూబులైటు కింద చూస్తే రంగుల మధ్య కొన్ని చోట్ల ప్రకాశం ఎక్కువగా, విడివిడిగా ఉంటుంది. ట్యూబులోని పాదరసం గీసే గీతలవి. ఎల్.ఇ.డి. బల్బు కింద మరో తీరుగా ఉంటుంది. మూడింటినీ చూసి తేడాలు నోట్‌బుక్కులో రాసుకోండి. సూర్యుణ్ణి మాత్రం సీడీలో చూడకండి, కళ్లు పాడవుతాయి.

ఇక చేయాల్సిన పని

చోడవరం 2022 దాకా విశాఖ జిల్లాలో ఉంది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా పిల్లల కాలేజీ దారి మారలేదు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పట్టకం చుట్టూ గుండుసూదులు గుచ్చి, పతన కోణానికీ విచలన కోణానికీ గ్రాఫు గీసే ప్రయోగం ఉంటుంది. డిగ్రీలో సోడియం దీపం, స్పెక్ట్రోమీటరు ఉంటాయి. చాలా చోట్ల నలుగురైదుగురు ఒక పరికరం చుట్టూ చేరతారు. స్క్రూ తిప్పేది, వెర్నియర్ చదివేది అబ్బాయిలు. రీడింగులు రాసుకునేది అమ్మాయిలు. చేతిరాత బాగుంటుందని ఆ పని వాళ్లకు అప్పగిస్తారు. మాస్టార్లూ, మేడమ్‌లూ ఈ ఒక్క అలవాటు మారిస్తే చాలు. దూరదర్శినిని గీత మీద కూర్చోబెట్టడం, వెర్నియర్ కలిసిన చోటు పట్టుకోవడం ప్రతి అమ్మాయీ తన చేత్తో, తన కంటితో చేయాలి.

అమ్మానాన్నలకూ ఒక మాట. ఎం.పి.సి. తీసుకున్న అమ్మాయి బీటెక్ కాకుండా బి.ఎస్సి. ఫిజిక్స్ చేస్తానంటే, దాంతో ఏం వస్తుందని అడ్డుపడకండి. తండ్రి లేని పిల్లను ఒక మేనమామ ఎ.వి.ఎన్. కాలేజీకి పంపితే, ఆ పిల్ల ఏడు దశాబ్దాలు వేలమందికి ఫిజిక్స్ నేర్పింది. మొదట అడుగుపెట్టడం ఒక ఘనత. తర్వాత వచ్చేవాళ్లు కొత్తగా దారి వెతుక్కోనక్కర్లేకుండా అక్కడే నిలబడి ఉండటం దానికంటే పెద్ద ఘనత. శాంతమ్మగారు రెండూ చేశారు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం నాడు మీ బడిలో ఉపన్యాసం ఇవ్వాల్సి వస్తే, రామన్ పేరుతో పాటు ఆమె పేరూ చెప్పండి. ఆ రోజు ల్యాబు తాళం తీసి, పరికరాలు ముందుగా అమ్మాయిల చేతికివ్వండి.